జపాను చిత్రకారుడు ఉతమారో

ఓరుగల్లు పురవీథులలో ఒక్క దినము తిరిగినవారి కంటికి కనబడిన వేడుకలనెల్ల వర్ణించిన క్రీడాభిరామము మన పాఠకులలో పెక్కుమందికి పరిచితమే. టిట్టిభసెట్టియు, మంచనశర్మయు పూటకూళ్ళ యిండ్లను, ఆటపాటలను, కోడిపందెములను, వేశ్యవాటికలను చూచుకొనుచు పోవుదురు. ఆ గ్రంథముననే మాచల్దేవి యను వారాంగన యింట చిత్రశాలాప్రవేశోత్సవమును కలదు. ఆ చిత్రశాల గోడలపై వ్రాయబడిన బొమ్మలు కాలగర్భమున కలిసిపోయినవి. పద్యములు మాత్రము మిగిలినవి. సముద్రములకు ఆవల, జపాను దేశమున, ఇట్టి నగరవినోదములే పద్యములలో గాక బొమ్మలలో నిలిచినవి. అచ్చటి యొక మహానగరపు నాటకశాలలు, తేనీటి యంగళ్ళు, స్త్రీల కొప్పులు, చీరల యంచులు సైతము కాగితముపై అచ్చై నేటికిని చెక్కుచెదరక యున్నవి. వానిని వ్రాసిన చిత్రకారులలో స్త్రీముఖమును చిత్రించుట యందు అగ్రగణ్యుడు కితగావా ఉతమారో.

ఆ మహానగరము పేరు యెడో. నేటి తోక్యోయే నాటి యెడో. 1603లో తోకుగావా వంశపు సేనాధిపతులు, అనగా షోగనులు, జపానును ఏలుబడిలోనికి తెచ్చుకొని చిన్న ఊరగు యెడోను తమ పాలనాస్థానముగా చేసికొనిరి. చక్రవర్తి క్యోతో నగరమున పూజనీయుడై యుండెను. అధికారము మాత్రము షోగనులది. సామంతప్రభువులు సంవత్సరము విడిచి సంవత్సరము యెడోలో కాపురముండవలెననియు, వారి భార్యాపుత్రులు ఎల్లప్పుడును అచ్చటనే యుండవలెననియు కట్టడి చేసిరి. తిరుగుబాటు తలపెట్టువాడు మొదట తన బిడ్డలను తలచుకొనవలెను గదా! ఈ కట్టడి మూలమున సామంతులు, వారి పరివారము, వారికి సరకులమ్ము వర్తకులు, వారి యిండ్లు కట్టు పనివారు అందరును యెడోకు చేరిరి. పదునెనిమిదవ శతాబ్దినాటికి ఆ నగర జనసంఖ్య పదిలక్షలకు చేరినది. ఆ కాలమున ప్రపంచమున అంతటి పట్టణములు మిక్కిలి యరుదు.

వర్తకునికి ఆ రాజ్యమున గౌరవము లేదు. క్షత్రియుడు, కర్షకుడు, శిల్పి, వర్తకుడు అను నాలుగు తరగతులలో వర్తకుడు కడపటివాడు. ధనము మాత్రము వానిచెంతనే చేరుచుండెను. కత్తి ధరింప వీలులేదు, అధికారము పొంద వీలులేదు, పట్టుబట్టలు కట్టుటకును ఆంక్షలే. అట్టివాడు ధనమును వినోదములకు వెచ్చించెను. ఆ వినోదములకు రెండు నెలవులు: ఒకటి కబుకీ నాటకశాల, రెండవది యోషివారా అను వేశ్యవాటిక. ఉకియో యను మాట తొలుత బౌద్ధుల నోట దుఃఖమయమగు సంసారమును చెప్పుచుండెను. యెడో ప్రజలు ఆ యుచ్చారణనే నిలిపి, అక్షరమును మార్చి, నీటిపై తేలిపోవు లోకము అను అర్థము కల్పించుకొనిరి. లోకము నీటిబుడగ యగుచో దానిని చూచి యేడ్వనేల, తేలిపోదము అనుట వారి భావము. ఆ లోకపు బొమ్మలకు ఉకియో-ఎ అని పేరు. ఎ యనగా జపాను భాషలో బొమ్మ.

ఈ బొమ్మలు ఒక్కని చేతిపని కావు. పెడనలోను, మచిలీపట్టణములోను అద్దకపు పని చూచినవారికి ఈ విషయము సులభముగా తెలియును. చిత్రకారుడు పలుచని కాగితముపై సిరాతో రేఖలు గీయును. చెక్కుడుపనివాడు ఆ కాగితమును బోర్లించి చెఱ్ఱీ జాతి చెట్టు పలకపై అంటించి, రేఖలు మాత్రము మిగులునట్లు తక్కిన కొయ్యను తొలచివేయును. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క పలక. మన అద్దకములో గుడ్డ క్రిందను అచ్చు పైనను ఉండును, వారిది తలక్రిందులు. పలక క్రింద నుండును, రంగు పూసిన పలకపై కాగితమును పరచి, వెదురుపొరతో చుట్టిన గుండ్రని బిళ్ళతో కాగితము వీపును రుద్దుదురు. పది రంగులైనను గీటు తప్పక ఒకదానిపై నొకటి పడుటకు పలకమూలను చిన్న గుర్తులు చెక్కుదురు. ఎరుపునకు కుసుమపూవు రంగు వాడుదురు. 1765 ప్రాంతమున సుజుకీ హరునోబు కాలమునుండి ఈ పలురంగుల యచ్చు ప్రబలినది. వీథి దుకాణములో ఒకపూట చిరుతిండి కగు వెలకే ఒక బొమ్మ దొరకుచుండెను. కనుక అది ప్రభువుల భోగవస్తువు కాదు, సామాన్యుని గోడపై నంటు వస్తువు.

బొమ్మల వెనుక నుండి ఈ పనివారి నందరిని కూర్చి, పెట్టుబడి పెట్టి, అమ్మువాడు ప్రచురణకర్త. ఉతమారో చరిత్రమున అట్టివాడు త్సుతాయా జూజబురో. అతడు 1750లో యోషివారాలోనే పుట్టి, ఆ వాటిక మహాద్వారము చెంత చిన్న పుస్తకముల దుకాణము పెట్టి, ఏ యింట ఏ గణిక యున్నదో తెలుపు పట్టికా పుస్తకములను అమ్మి పైకి వచ్చెను. 1783లో నగరమధ్యమునకు దుకాణమును మార్చెను. ఆ కాలమున యెడోలో పుస్తకముల మూటను వీపున కట్టుకొని యింటింటికి తిరిగి, అద్దెకు పుస్తకము లిచ్చి, చదివిన పిదప తిరిగి తీసికొనుపోవువారు వందలకొలది యుండిరి. 1935లో పెదపాలెమునుండి కాలువపై పడవలో పుస్తకములు పంపిన పాతూరి నాగభూషణముగారి గ్రంథాలయ యాత్రను ఎరిగిన మన ప్రాంతమువారికి ఆ దృశ్యము ఆశ్చర్యము గొలుపదు. భేద మొక్కటే: వారిది వ్యాపారము, మనవారిది సేవ. చదువరుల యాసక్తి మాత్రము ఉభయత్ర సమానమే.

ఉతమారో 1753 ప్రాంతమున పుట్టెను. మన ప్రాచీనకవులకు వలెనే అతని జన్మస్థానమునకును పెక్కు ఊళ్ళు పోటీపడుచున్నవి. బాల్యమున తొరియామా సెకియెన్ అను చిత్రకారుని శుశ్రూష చేసెను. సెకియెన్ భూతప్రేతముల బొమ్మలకు ప్రసిద్ధుడు. శిష్యుడు అందులకు పోలేదు. పిల్లవాడు తూనీగకు దారము కట్టి ఆడించుచు, కీచురాయిని అరచేత నుంచుకొని దానిని గంటలకొలది తేరి చూచుచు నుండెడివాడని గురువే తరువాత వ్రాసియున్నాడు. చీమకు, తూనీగకు ఇచ్చిన ఆ చూపునే అతడు పిదప మనుష్యముఖమున కిచ్చెను.

1775లో తొయోఅకి యను పేరున ఒక నాటకపు పాటల పుస్తకమునకు అట్టబొమ్మ వ్రాయుట అతని మొదటి పనులలో నొకటి. 1780 దాటిన పిదప ఉతమారో యను పేరు ధరించెను. త్సుతాయా ఈ యువకుని శక్తిని కనిపెట్టి తన యింటనే కొంతకాల ముంచుకొని పోషించెను. 1788లో వెలువడిన కీటకముల పుస్తకము వారిరువురి మైత్రికి తొలి మహాఫలము. ఆకుపై పాకు గొంగళి, పొట్లకాయ తీగెపై మిడుత, చెరువుగట్టున కప్ప, ఒక్కొక్క పుటయు ఒక్కొక్క చిన్న లోకము; ప్రక్కన ఆ కాలపు హాస్యకవుల పద్యములు. ఆ సంవత్సరమే వృద్ధగురువు మరణించెను. తరువాత గవ్వల పుస్తకము, పక్షుల పుస్తకము వచ్చినవి. ఇంతతో నిలిచియుండినచో అతడు ప్రకృతిచిత్రకారుడని పేరొంది సుఖముగా జీవించి యుండెడివాడు.

దేశకాలములు అనుకూలముగా లేవు. 1783లో అసామా పర్వతము అగ్ని గ్రక్కి పొలములను బూడిదతో కప్పెను. అంతకుముందు సంవత్సరమున ఆరంభమైన క్షామము అయిదారేండ్లు దేశమును పీడించెను. నగరములలో బియ్యపుకొట్లు దోపిడి పాలైనవి. 1787లో మత్సుదైరా సదనోబు ప్రధానమంత్రి యయ్యెను. ఆతడు పండితుడు, మితవ్యయుడు, నీతిపరుడు. రాజ్యము చెడుటకు దుర్వ్యయమును విలాసమును కారణములని తలచి వానిని నరికివేయ బూనెను. ఆ తలంపు చెడ్డదని అనరాదు. ఆకలిగొన్న దేశమున పొదుపు చెప్పుట మంత్రికి ధర్మమే. కాని నీతిని శాసనములతో పెంచబూనిన ప్రతివాడును తుదకు పుస్తకముల యంగడి కడకే వచ్చి నిలుచును. 1790లో ప్రతి బొమ్మయు అచ్చుకు ముందు పరీక్షింపబడి ముద్ర పొందవలెనని యాజ్ఞ వచ్చెను. 1791లో సాంతో క్యోదెన్ అను రచయిత యోషివారా కథలు వ్రాసినందుకు ఏబది దినములు చేతులకు సంకెళ్ళతో ఇంట కూర్చుండవలసి వచ్చెను. వానిని ప్రచురించిన త్సుతాయా ఆస్తిలో సగము జప్తు అయ్యెను.

మన దేశమునను ఇట్టి కథ లేకపోలేదు. ముద్దుపళని రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరించి 1910లో వావిళ్ళవారిచే ప్రకటింపజేయగా, అశ్లీలమని ప్రభుత్వము దానిని నిషేధించెను. స్వాతంత్ర్యము వచ్చిన యేడు, 1947లో, గాని ఆ నిషేధము తొలగలేదు.

సగము ఆస్తి పోయిన త్సుతాయా చతికిలబడలేదు. పుస్తకము ప్రమాదమైనచో ఒంటరి కాగితపు బొమ్మను పట్టుకొందమనుకొనెను. అంతవరకు స్త్రీల బొమ్మలు పాదములనుండి శిరస్సు వరకు నిలువుగా నుండెడివి. వానిలో చీర ప్రధానము, ముఖము అప్రధానము. నటులను మాత్రము భుజములవరకు పెద్ద తలతో వ్రాయు వాడుక కలదు. ఉతమారో ఆ పద్ధతిని స్త్రీలకు పట్టించెను. 1792, 1793 సంవత్సరముల ప్రాంతమున వెలువడిన ఈ పెద్దముఖపు బొమ్మలతో నగరము ఉర్రూత లూగెను. వెనుక భాగమున అభ్రకపు పొడి పూయించెను. మన గూడూరు గనులలో దొరకు అభ్రకమే. దీపము కదలినప్పుడెల్ల బొమ్మ వెనుక వెన్నెల కదలినట్లుండును. నుదుటి చెంత వెండ్రుకలను ఒక్కొక్కటిగా లెక్కింపవచ్చును. అది చెక్కుడుపనివాని గొప్పతన మనుట న్యాయము, కాని ఆ పనివాని పేరు బొమ్మపై లేదు.

ఆ వరుసలలో నొకదానికి ఉతమారో సాముద్రికుని పేర సంతకము చేసెను. ముఖమును చూచి గుణము చెప్పు శాస్త్రము వారికిని కలదు. ఒక పడుచు గాజుపీక నూదుచు ఆ శబ్దమునకు మురియుచుండును. మరియొకతె స్నానము చేసి జారిన వస్త్రమును పట్టించుకొనక నవ్వుచుండును. మన ఆలంకారికులు నాయికలను అవస్థనుబట్టి యెనమండుగా విభజించిరి. మువ్వ గ్రామమును తలచునట్లు పదములు చెప్పిన క్షేత్రయ్య ఆ భేదములకు ప్రాణము పోసెను. ఉతమారో చేసినదియు అట్టిదే, కాని వానికి ఏ శాస్త్రపు పట్టికయు లేదు. వీథిలో చూచినవారే ప్రమాణము. అనురాగమును గూర్చిన వరుసలో ఒక గృహిణి కలదు. ఆ దేశపు వివాహితల వాడుకచొప్పున ఆమె కనుబొమలు గొరిగియున్నవి. చెక్కిట చేయి చేర్చి, కన్నులు అరమోడ్చి దేనినో తలపోయుచున్నది. ఏమి తలచుచున్నదో ఆ బొమ్మ చెప్పదు. జపాను అచ్చుబొమ్మలలో దీనికి మించినది లేదని చెప్పిన సాహస మనిపించుకొనదు.

ఈ కాలముననే అతని జీవితమును మలుపు త్రిప్పిన బొమ్మ వెలువడినది. అందు ముగ్గురు స్త్రీలు త్రికోణముగా కూర్చబడిరి. నడుమ నున్నది తొయోహినా, యోషివారాలో పాడు గాయని. రెండవది ఒకీతా, అసకుసా దేవాలయము చెంత తేనీరు అందించు పిల్ల. మూడవది ఒహిసా, ర్యోగోకు వంతెన కడ బియ్యపు అప్పడము లమ్మువాని కూతురు. ఒకీతాకును ఒహిసాకును పదియారు పదునేడు ఏండ్లకు మించి లేవు. తొలిచూపునకు మూడు ముఖములును ఒక్కటే యనిపించును. నిదానించి చూచినచో ఒకతె ముక్కు కొంచెము వంపు, ఒకతె చెక్కులు నిండు, ఒకతె కన్ను దీర్ఘము. వారి పేర్లు బొమ్మపై వ్రాయబడినవి.

ఇందు విశేషమేమని అడుగవచ్చును. అంతవరకు పేరుతో బొమ్మకెక్కిన స్త్రీలలో పెక్కుమంది గణికలు. వారి పేరు వారి యజమానికి వ్యాపారము. తేనీరు పోయు పిల్ల రాణి కాదు, దేవత కాదు, గణికయు కాదు; పాటుపడి బ్రతుకునట్టి ఇంటిపిల్ల. ఆమె ముఖమునకు, ఆమె పేరునకు విలువ వచ్చుట అరుదైన సంగతి. బొమ్మ వెలువడగానే ఆ దుకాణము ముందు జనము క్రిక్కిరిసెనని చెప్పుదురు. తరగతులపై నిలిచిన రాజ్యమునకు ఇది రుచింపలేదు. అప్పడము లమ్ము పిల్ల ముఖమునకై నగరమంతయు తరలి వచ్చుట సామాన్యమని అధికారులు తలపలేదు. 1793లో గణికలు గాక యితర స్త్రీల పేర్లు బొమ్మలపై నుండరాదని ఆజ్ఞాపించిరి.

ఉతమారో పేర్లను మానెను, చెప్పుట మానలేదు. బొమ్మ మూలను చిన్న చతురమున ఒక పొడుపుకథ వ్రాయసాగెను. రెండు కట్టల ఆకుకూర, ఒక బాణము, ఒక సముద్రము, ఒక వరిపొలము. ఈ వస్తువుల పేర్లను జపాను భాషలో వరుసగా చదివినచో నానివాయా ఒకీతా యని వచ్చును. నానివాయా అనునది ఆమె తేనీటి యంగడి పేరు. మన శతావధానులు దత్తపదులతోను, ప్రహేళికలతోను సభను ఆడించినట్లు అతడు నగరమును ఆడించెను. పిల్లలు సైతము విప్పగలిగిన పొడుపు అది. విప్పినవారికి గలుగు సంతోషము అధికము గనుక పేరున్ననాటి కంటె ఎక్కువగా అమ్ముడు పోయినదన్నను వింతలేదు. మూడేండ్లు గడచెను. 1796లో పొడుపుకథలును కూడదని మరియొక ఆజ్ఞ వచ్చెను. 1800లో పెద్దముఖపు బొమ్మలనే నిరోధించిరి. ఒక్క చిత్రకారునికై ఇన్ని ఆజ్ఞలు పుట్టుట గౌరవమా, అగౌరవమా, చదువరులే నిర్ణయింపవలెను.

ఇంతలో 1797లో త్సుతాయా మరణించెను. నలువదియేడేండ్ల వయస్సునకే పోయిన ఆతని స్థానమును మరియెవ్వరును పూరింపలేకపోయిరి. ప్రచురణకర్తలు పెక్కుమంది ఉతమారో చుట్టును చేరిరి. వారు పని తొందరపెట్టువారే గాని మెరుగు కోరువారు కారు. బొమ్మలు సంఖ్యలో పెరిగి సారములో తగ్గినవి. ఆకృతులు నిడుపై, మెడలు సన్నమై, ఒక మూసలో పడినవి. అతని కీర్తిని కోరి పేరును దొంగిలించి సంతకము చేయువారును బయలుదేరిరి.

అయినను ఆ దశలో వెలువడిన ఒక వరుస మన మంగళగిరి వంటి నేతపట్టణపు వారికి ముఖ్యముగా చెప్పదగినది. పట్టుపురుగు గ్రుడ్డు మొదలు కండె వరకు స్త్రీలు చేయు పనులను పండ్రెండు పటములలో వ్రాసెను. మల్బరీ ఆకు తరుగుట, పురుగులను పళ్ళెరములలో పరచుట, గూళ్ళను నీట వేసి దారము తీయుట, మగ్గము మీద నేయుట అన్నియు కలవు. వంటయింట పొయ్యి ఊదుచు పొగకు కన్ను మూసికొను స్త్రీని, బిడ్డకు పాలిచ్చు తల్లిని, సముద్రమున మునిగి ఆల్చిప్పలు ఏరు బెస్తస్త్రీలను అతడు వ్రాసెను. ఇట్టి బొమ్మల ముందు, కేవలము విలాసముల చిత్రకారుడను నింద నిలువదు.

విలాసముల సంగతియు దాచిపెట్టుట తగదు. యోషివారా చుట్టును నీటికందకము, లోపలికిని వెలుపలికిని ఒకే ద్వారము. అచ్చటి స్త్రీలలో అనేకులు బాల్యముననే తల్లిదండ్రుల అప్పునకు అమ్మబడినవారు. అప్పు తీరువరకు ఆ ద్వారము దాటుటకు వీలు లేదు. వారి పట్టుచీరల వెలయు ఆ యప్పులోనే చేరుచుండెను. ఉతమారో బొమ్మలు ఆ బజారునకు ప్రకటనలుగా పనిచేసినవనుట సత్యము. అయినను 1794 ప్రాంతపు ఒక వరుసలో అతడు యోషివారా స్త్రీల అహోరాత్రమును పండ్రెండు హోరలుగా చూపెను. వారి ఒక్కొక్క హోర మన ఐదు ఘడియలు. అర్ధరాత్రి దాటిన తరువాతి పటమున ఒక గణిక ఒంటరిగా నిలిచి, ఒక చేత కాగితపు వత్తి వెలుగు పట్టుకొని, నిద్రమత్తున కాలితో చెప్పును వెదకుకొనుచున్నది. అతిథి లేడు, పాట లేదు. అలసిన మనిషి యొకతె కలదు. కొనువాడు ఆ బొమ్మను చూచి ఏమి తలచెనో గాని, వ్రాసినవానికి ఆ యలసట తెలియును.

1804 వచ్చెను. అంతకు రెండువందల యేండ్లకు పూర్వము జపాను నేలిన హిదెయోషి చరిత్ర అప్పుడు బొమ్మల పుస్తకముగా వెలువడి జనులకు మిక్కిలి ప్రియమై యుండెను. హిదెయోషి సామాన్య కుటుంబమున పుట్టి దేశాధిపతి యైనవాడు. అతని పిదప అతని వంశమును కూల్చి తోకుగావా వారు రాజ్యము గైకొనిరి. కనుక ఆ కాలపు వీరుల పేర్లు బొమ్మలలో వ్రాయుట నేరమని శాసనము కలదు. ఉతమారో మూడు పటములు కలిపి యొక దృశ్యము వ్రాసెను: హిదెయోషి తన యయిదుగురు భార్యలతో క్యోతో తూర్పుకొండల చెంత పూలవేడుక చూచుట. పేర్లు స్పష్టముగా వ్రాసెను. అప్పటి షోగను ఇయెనారికి అంతఃపురస్త్రీలు పెక్కుమంది యుండుటచే బొమ్మ ఆయనను దెప్పిపొడిచినదని కొందరి యూహ. నేరము చెప్పుటకు పేర్లే చాలినవి.

విధి వైపరీత్య మేమనవలెను! అప్పడము లమ్ము పిల్ల పేరును దాచి చెప్పుటకు పొడుపుకథలు కల్పించినవాడు, దేశమేలిన ప్రభువు పేరును దాచక వ్రాసి చిక్కుకొనెను. అధికారులు అతనిని మూడు దినములు చెరసాలలో నుంచిరి. తరువాత ఏబది దినములు చేతులకు సంకెళ్ళు వేసి యింట కూర్చుండబెట్టిరి. తోడి చిత్రకారులలో మరికొందరికిని ఆ శిక్షయే పడెను. క్యోదెన్ రచయిత; చేతులు కట్టినను మనస్సున వాక్యము కూర్చుకొన వచ్చును. చిత్రకారునకు ఆలోచనయు వ్రేళ్ళతోనే జరుగును. ఏబదియేండ్లు దాటిన మనిషి ఏబది దినములు తన చేతులను చూచుకొనుచు కూర్చుండెను.

సంకెళ్ళు విడిచిన పిదప అతడు మునుపటివాడు కాలేదని అందరును చెప్పుదురు. దేహము క్రుంగెను. ఇతడిక ఎక్కువ కాలము బ్రతుకడని తలచిన ప్రచురణకర్తలు బొమ్మలకై యింటి గుమ్మమున గుమిగూడిరట. మనిషి పోవునని తెలిసి దుఃఖించినవారి కంటె, బొమ్మలు పోవునని తొందరపడినవారే ఎక్కువ. 1806 శరదృతువున ఉతమారో మరణించెను. శిష్యు డొకడు అతని భార్యను వివాహమాడి, ఆ పేరునే ధరించి 1820 ప్రాంతము వరకు బొమ్మలు వ్రాసెను. ఉతమారో పోయిన మరుసటి సంవత్సరమే, 1807లో, వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు మంగళగిరిలో గాలిగోపురమును ఎత్తించుట కారంభించెను. ఆ గోపురము క్రింద తిరుగువారికి అతని కాలము ఎంతటి దూరమో ఇట్లు సులభముగా తెలియును.

అతడు జీవించిన నాళ్ళలో జపాను తలుపులు విదేశీయులకు మూసియుండెను. నాగసాకి రేవున డచ్చివారికి కొంత త్రోవ. వారి యోడలలో కోరమాండలు తీరపు అద్దకపు బట్టలు అచ్చటికి పోయి సరసా యను పేర గౌరవము పొందినవి. జపాను బొమ్మలు మాత్రము ఆ తలుపులు తెరచిన పిదపనే, పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున, ఐరోపాకు వెల్లువగా పోయినవి. పారిసు నగర చిత్రకారులు వానిని చూచి తమ చిత్రరచనా మార్గమునే మార్చుకొనిరి. 1891లో ఎద్మోఁ ద గోంకూర్ అను ఫ్రెంచి రచయిత ఉతమారోపై ప్రత్యేక గ్రంథము వ్రాసెను. అదే కాలమున మేరీ కాసట్ అను అమెరికా చిత్రకారిణి తల్లిబిడ్డల చిత్రములను, స్నానము చేయించు చిత్రములను జపాను రీతిని అచ్చొత్తెను. యెడోలో చిరుతిండి వెలకు అమ్మిన కాగితములు నేడు పెద్ద మ్యూజియములలో అద్దముల వెనుక, వెలుగు తగిలిన రంగు పోవునను భయమున మసకదీపముల నడుమ నున్నవి.

అచ్చుబొమ్మలు గాక స్వహస్తమున వ్రాసిన మూడు మహాచిత్రములును అతనివి కలవు: షినగావాలో వెన్నెల, యోషివారాలో పూలు, ఫుకగావాలో మంచు. తొచిగి పట్టణపు ధనికుల యింట చిరకాలముండి, 1879లో అచ్చటి దేవాలయమున మూడును ప్రదర్శింపబడినవి. పిదప వెన్నెల వాషింగ్టనుకును, పూలు అమెరికాలోనే హార్ట్‌ఫర్డునకును చేరినవి. మంచు చిత్రము 1948 తరువాత కంటికి కనబడలేదు. 2012లో అది తిరిగి దొరకి, హకోనెలోని ఒకదా మ్యూజియమున చేరి, 2014లో ప్రజలకు చూపబడినది. మంచు పడు సాయంకాలమున మేడమీద ఇరువదికి పైగా స్త్రీలు; ఒకతె మంచును పట్టుటకు చేయి చాచినది, కొందరు వేడికుంపటి చుట్టు చేరిరి, ఒకతె పిల్లి నెత్తుకొన్న పిల్లవానిని చూచుచున్నది.

ముగ్గురు సుందరుల బొమ్మకును రెండు రూపములు మిగిలినవి. మొదట అచ్చైన ప్రతులపై పేర్లు కలవు; అవి మిక్కిలి అరుదు. ఆజ్ఞకు లోబడి పలకపై పేర్లను చెక్కివేసి అచ్చొత్తిన ప్రతులే తరచుగా కనబడును. వానిపై ముఖముల మీది చోటు ఖాళీగా నుండును. కాని చెక్కివేసినవారు బట్టల వంక చూడలేదు. ఒకీతా వస్త్రముపై పౌలోనియా పూగుత్తి గుర్తును, ఒహిసా వస్త్రముపై మూడు ఓకు ఆకుల గుర్తును, తొయోహినా వస్త్రముపై ప్రిమ్‌రోజు పూవు గుర్తును అట్లే నిలిచియున్నవి. నేటి పండితులు ఆ గుర్తులను పట్టుకొని, పేరులేని ప్రతులలోను ఎవరు ఎవరో తప్పక చెప్పుచున్నారు.